ఎంత బరువు, ఎంత చోటు?

మిత్రులందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద ఒక రాయి, ఒక ఎలక్ట్రానిక్ త్రాసు, ఒక కొలజాడీ, నీళ్ళున్న ఒక గాజు గిన్నె, మూరెడు దారం ఉన్నాయి. ఈ సాయంత్రానికి మనకు ఇవే చాలు. రాయి ఏ రకానిదో నేను చెప్పను. దాని సాంద్రత మనమే కనుక్కుందాం. ఆ దారిలో కొన్ని పాత కథలు కూడా తగులుతాయి.

చిన్నప్పుడు అందరినీ ఒక్కసారైనా తికమక పెట్టిన ప్రశ్న ఒకటుంది. కిలో ఇనుము బరువా, కిలో దూది బరువా? రెండూ కిలోయే కదా అని ఇప్పుడు మీరందరూ అంటారు. కానీ "ఇనుమే" అని తొందరపడిన పిల్లవాడు మరీ అంత తప్పు చెప్పలేదని నా అభిప్రాయం. వాడి మనసు వేరే ప్రశ్నకు జవాబు చెప్పింది. ఒకే చోటులో ఏది ఎక్కువ పదార్థాన్ని ఇముడ్చుకుంటుంది అన్నది ఆ ప్రశ్న. దానికి వాడి జవాబు సరైనదే. అయిదు సెంటీమీటర్ల భుజం ఉన్న ఇనుప ఘనాన్ని ఊహించుకోండి. గుప్పిట్లో పట్టేంత ఉంటుంది. దాని ఘనపరిమాణం 125 ఘన సెంటీమీటర్లు. తూచితే 984 గ్రాములు, కిలోకు పదహారు గ్రాములు తక్కువ. కిలో దూదిని గుప్పిట్లో పెట్టుకోగలమా?

ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. సూత్రమంతా ఈ ఒక్క వాక్యమే. 984ని 125తో భాగిస్తే 7.87. అంటే ఒక్కొక్క ఘన సెంటీమీటరు చోటులో 7.87 గ్రాముల ఇనుము ఉందని అర్థం. ముక్క పెద్దదైనా చిన్నదైనా, మేకైనా దూలమైనా, ఈ అంకె మారదు. బరువు ముక్కను బట్టి మారుతుంది, చోటూ ముక్కను బట్టి మారుతుంది, కానీ ఒకదాన్ని మరొకదానితో భాగించగానే ముక్క సంగతి పోయి పదార్థం సంగతి మిగులుతుంది. ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నా నాకు ఇది ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

ఇక దూది దగ్గరకు వస్తాను. దూది సాంద్రత ఎంత? ఈ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఆసుపత్రిలో గాయాలకు వాడే శుభ్రం చేసిన దూదిని నీళ్ళలో వేసి చూడండి, కొన్ని క్షణాల్లో తడిసి అడుగుకు చేరుతుంది. ఎందుకంటే దూది పోగు సెల్యులోజు, దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 1.5 గ్రాములు, నీటికంటే ఎక్కువ. మనం తేలికగా ఉందనుకునే ఆ మెత్తని ముద్దలో చాలావరకు ఉన్నది పోగుల మధ్య గాలి. ఆ గాలిని కూడా చోటులో కలిపి లెక్కిస్తే ఒక అంకె, పోగుల చోటు మాత్రమే లెక్కిస్తే మరొక అంకె. ఏదీ అబద్ధం కాదు. కానీ ఏది లెక్కిస్తున్నామో ముందే తేల్చుకోవాలి.

ఇసుకతోనూ ఇదే చిక్కు. పొడి ఇసుకను ఒక లీటరు పాత్రలో నింపి తూచితే ఇంచుమించు 1.6 కిలోలు తూగుతుంది. కానీ ఆ ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్ అనే ఖనిజపు రేణువులే, క్వార్ట్జ్ సాంద్రత 2.65. ఎందుకింత తేడా? 1.6ను 2.65తో భాగించండి, 0.6 వస్తుంది. అంటే ఆ లీటరులో నూటికి అరవై వంతులే రేణువులు, మిగిలిన నలభై వంతులు సందులు. పాత్ర పగలగొట్టకుండా, రేణువులను లెక్కపెట్టకుండా, కళ్ళకు కనబడని ఖాళీని కొలిచేశాం. పాత్రను నాలుగుసార్లు తట్టండి, ఇసుక దిగుతుంది, అంకె పెరుగుతుంది. అందుకే పొడుల సాంద్రత రాసేటప్పుడు వదులుగా పోసినదా, తట్టి నింపినదా అన్నది కూడా రాస్తారు.

ఇప్పుడు మన రాయి. త్రాసు మీద పెడుతున్నాను. 312 గ్రాములు. ఇందులో పెద్ద కష్టమేమీ లేదు. అసలు పరీక్షంతా చోటు దగ్గరే మొదలవుతుంది. దీనికి పొడవు, వెడల్పు, ఎత్తు అని చెప్పదగిన రూపం లేదు. కొలజాడీలో 300 మిల్లీలీటర్ల నీళ్ళు పోశాను. రాయిని దారంతో కట్టి, నీళ్ళు చిమ్మకుండా మెల్లగా దింపుతున్నాను. మట్టం ఎక్కడికి వచ్చిందో ముందు వరుసలో వాళ్ళు చూడండి. కన్ను మట్టానికి సమంగా ఉండాలి, పై నుంచి చూస్తే ఒక అంకె, కింద నుంచి చూస్తే మరొకటి కనబడుతుంది. నీళ్ళు గాజును పట్టుకుని అంచుల్లో కాస్త పైకి పాకుతాయి, కాబట్టి మధ్య పల్లాన్నే చూడాలి. 420 అంటున్నారు. ఒక మిల్లీలీటరంటే ఒక ఘన సెంటీమీటరే, అంటే రాయి ఆక్రమించిన చోటు 120 ఘన సెంటీమీటర్లు. 312ను 120తో భాగిస్తే 2.6.

ఇక్కడ ఆగండి. ఈ జాడీ మీద గీతలు ఎంత దూరంలో ఉన్నాయి? అయిదేసి మిల్లీలీటర్లకు ఒకటి. మనం చదివిన 120 నిజానికి 115 అయినా కావచ్చు, 125 అయినా కావచ్చు. 115 అయితే సాంద్రత 2.71. 125 అయితే 2.50. అంటే మనకు తెలిసిందల్లా 2.5కూ 2.7కూ మధ్య ఎక్కడో ఉందని. కాలిక్యులేటర్ మీద పది అంకెలు కనబడినంత మాత్రాన ఆ పది అంకెలూ మనం కొలిచినవి కావు. పరీక్షల్లో పిల్లలు 2.6086956 అని రాస్తే నాకు బాధ కలుగుతుంది. లెక్క తప్పని కాదు, తమ చేతులు కొలవని దాన్ని కొలిచామని చెబుతున్నందుకు.

ఇంకా మెరుగైన దారి ఉంది. గాజు గిన్నెను నీళ్ళతో సహా త్రాసు మీద పెట్టి, అంకెను సున్నాకు తెస్తున్నాను. ఇప్పుడు దారానికి వేలాడుతున్న రాయిని నీళ్ళలో పూర్తిగా ముంచుతున్నాను. గిన్నె అడుగును తాకనివ్వకూడదు, తాకితే రాయి బరువు కూడా త్రాసు మీద పడి లెక్కంతా పాడవుతుంది. రాయికి అంటుకున్న గాలి బుడగలను ఒకసారి ఆడించి వదిలిస్తున్నాను. త్రాసు 118 గ్రాములు చూపిస్తోంది. దారం పట్టుకున్నది నా చేయి, మరి ఈ 118 ఎక్కడివి? నీరు రాయిని పైకి తోస్తోంది, అంతే బలంతో రాయి నీటిని కిందికి తోస్తోంది. ఆ తోపు, రాయి పక్కకు నెట్టిన నీటి బరువుకు సమానం. 118 గ్రాముల నీళ్ళంటే 118 ఘన సెంటీమీటర్లు. రాయి చోటు అదే. 312ను 118తో భాగిస్తే 2.64. ఒక గ్రాము అటూ ఇటూ అయినా 2.62కూ 2.67కూ మధ్యే ఉంటుంది. అదే రాయి, అదే నీరు. జాడీతో వచ్చిన అనుమానం నాలుగో వంతుకు తగ్గిపోయింది.

ఈ ఉపాయం వెనుక అందరికీ తెలిసిన కిరీటం కథ ఉంది. సిరక్యూస్ రాజు హియెరో బంగారు కిరీటం చేయించుకోవడం, కంసాలి వెండి కలిపాడని అనుమానం రావడం, ఆర్కిమెడీస్ స్నానపు తొట్టిలో దిగగానే ఉపాయం తట్టడం మనం విన్నవే. దీన్ని మనకు చెప్పింది విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి, ఆర్కిమెడీస్ పోయిన దాదాపు రెండు వందల ఏళ్ళ తరువాత. పాత్ర నిండా నీళ్ళు పోసి, కిరీటం ముంచి, పొర్లిపోయిన నీటిని కొలిచాడని ఆయన రాశాడు.

ఈ కథను లెక్క వేసి చూద్దాం. కిరీటం కిలో బరువుందనుకోండి. మేలిమి బంగారం సాంద్రత 19.3, కాబట్టి దానికి కావలసిన చోటు 51.8 ఘన సెంటీమీటర్లు. అందులో 300 గ్రాములు తీసి వెండి కలిపారనుకోండి. 700 గ్రాముల బంగారానికి 36.3, వెండి సాంద్రత 10.5 కాబట్టి 300 గ్రాముల వెండికి 28.6, మొత్తం 64.9. రెండింటికీ తేడా 13 ఘన సెంటీమీటర్లు. కిరీటం దిగేంత వెడల్పు పాత్ర కావాలి కదా, దాని వ్యాసం ఇరవై సెంటీమీటర్లు అనుకుందాం. ఆ పాత్రలో 13 ఘన సెంటీమీటర్ల నీరు మట్టాన్ని పెంచేది అర మిల్లీమీటరు కంటే తక్కువ. అంచు దగ్గర నీరు ఉబ్బి నిలిచే ఎత్తే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అంత నాజూకు తేడా మీద ఒక మనిషిని దొంగ అని తేల్చడం అన్యాయం.

1586లో ఇరవై రెండేళ్ళ గెలీలియోకు సరిగ్గా ఇదే అనుమానం వచ్చింది. ఆర్కిమెడీస్ స్థాయి మనిషి ఇంత మోటు పద్ధతి వాడి ఉండడని ఆయన నమ్మకం. నీటిలో ముంచి తూచే త్రాసును ఊహించి, దాన్ని వివరిస్తూ ఒక చిన్న వ్యాసం రాశాడు. మట్టంలో అర మిల్లీమీటరుగా కనబడీ కనబడనట్లున్న తేడా, త్రాసు మీద 13 గ్రాములుగా కనబడుతుంది. 13 గ్రాములను పట్టుకోలేని త్రాసు ఏముంటుంది? ఇందాక నేను దారంతో చేసినదానికి మూలం అదే.

మొత్తం మీద తప్పు జరిగేది ఎక్కువగా చోటు దగ్గరే. ఒకసారి ఒక విద్యార్థిని తన నోటు పుస్తకం తెచ్చి చూపించింది. ఇనుప స్థూపం పొడవు పది సెంటీమీటర్లు, అడ్డంగా కొలిస్తే రెండు సెంటీమీటర్లు, బరువు 247 గ్రాములు. సాంద్రత 1.97 అని రాసింది. "సార్, ఇది ఇనుము కాదేమో" అంది. "7.87ను 1.97తో భాగించు" అన్నాను. దాదాపు నాలుగు వచ్చింది. కాసేపు ఆ నాలుగు వంకే చూసి, "వ్యాసార్ధం అనుకుని వ్యాసాన్ని వేశాను" అని తనే చెప్పింది. వ్యాసాన్ని వ్యాసార్ధంగా వాడితే వైశాల్యం నాలుగింతలవుతుంది, సాంద్రత నాలుగో వంతుకు పడిపోతుంది. తప్పు జవాబే తన కారణాన్ని చెప్పుకుంది. ఆ అమ్మాయి ఆ లెక్కను కొట్టివేయకుండా పక్కనే కారణం రాసిపెట్టుకున్నందుకు నాకు చాలా సంతోషమేసింది.

అలాగే జవాబు వెయ్యి రెట్లు తేడా వస్తే ప్రమాణాలు మార్చడంలో పొరపాటు ఉంటుంది. ఒక ఘన మీటరులో పది లక్షల ఘన సెంటీమీటర్లు ఉంటాయి. ఒక్కొక్క దానిలో ఒక గ్రాము ఉంటే మొత్తం పది లక్షల గ్రాములు, అంటే వెయ్యి కిలోలు. కాబట్టి ఘన సెంటీమీటరుకు 1 గ్రాము అన్నా, ఘన మీటరుకు 1000 కిలోగ్రాములు అన్నా ఒకటే. జవాబు కొద్దిగా తక్కువ వస్తే గాలి బుడగలు అంటుకుని ఉండవచ్చు. ఘనం భుజాన్ని నూటికి పది వంతులు ఎక్కువ కొలిస్తే, ఘనపరిమాణం నూటికి ముప్ఫైమూడు వంతులు పెరిగిపోతుంది. పొడవులో చేసిన చిన్న తప్పు మూడుసార్లు గుణించుకుని వస్తుంది.

నీటికి ఘన సెంటీమీటరుకు ఒక గ్రాము అని ఇందాకటి నుంచి చనువుగా అంటున్నాను. దాని సంగతి కూడా చెప్పాలి. అది యాదృచ్ఛికం కాదు. 1795లో ఫ్రాన్సులో గ్రామును నిర్వచించినప్పుడే, కరిగే మంచు ఉష్ణోగ్రత దగ్గర ఒక ఘన సెంటీమీటరు నీటి బరువు అని నిర్వచించారు. 1799లో కిలోకు ప్లాటినం ప్రమాణం చేసే నాటికి, నీరు అన్నిటికంటే చిక్కగా ఉండే 4 డిగ్రీల సెల్సియస్‌ను ఎంచుకున్నారు. తరువాత ఇంకా నిశితంగా కొలిస్తే, ఆ కిలో నీటికి కావలసిన చోటు 1000 ఘన సెంటీమీటర్లు కాదు, 1000.028 అని తేలింది. 1901 నుంచి లీటరును కిలో నీరు పట్టే చోటుగా నిర్వచించారు, దానితో లీటరూ, వెయ్యి ఘన సెంటీమీటర్లు ఉండే ఘన డెసీమీటరూ కాస్త వేరయ్యాయి. 1964లో ఆ నిర్వచనాన్ని రద్దు చేసి రెండింటినీ మళ్ళీ ఒకటి చేశారు. 25 డిగ్రీల వద్ద నీటి సాంద్రత 0.997. మన రాయి లెక్కలో ఆ తేడా కనబడదు, నిశితంగా కొలిచేవాళ్ళు మాత్రం ఉష్ణోగ్రత రాయకుండా సాంద్రత రాయరు. మంచుగడ్డ అయితే 0.917. అందుకే అది పదో వంతు కూడా పైకి కనబడకుండా నీటిలో తేలుతుంది.

మిశ్రమాల గురించి ఒక్క హెచ్చరిక. రెండు ద్రవాలను సమానంగా కలిపితే సాంద్రత వాటి సగటు అనుకుంటాం. 50 మిల్లీలీటర్ల నీటిలో 50 మిల్లీలీటర్ల ఈథైల్ ఆల్కహాలు పోయండి. మొత్తం వంద రాదు, సుమారు 96.5 వస్తుంది. నీటి అణువులూ ఆల్కహాలు అణువులూ విడివిడిగా ఉన్నప్పటికంటే కలిసినప్పుడు దగ్గరగా సర్దుకుంటాయి. బరువులు కూడుకోవచ్చు, చోట్లు ఎప్పుడూ కూడుకోలేము. సగటు లెక్క 0.89 చెబుతుంది, కొలిస్తే 0.93కు దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ. 1892లో ఇంగ్లండులో లార్డ్ రేలీ అనే భౌతిక శాస్త్రవేత్త నత్రజని సాంద్రతను కొలుస్తున్నాడు. ఒకే గాజు గోళం, ఒకే పీడనం, ఒకే ఉష్ణోగ్రత. గాలిలోంచి ఆక్సిజన్‌ను తొలగించి మిగిలిన నత్రజనితో గోళాన్ని నింపితే ఒక బరువు. అమ్మోనియా సాయంతో తయారుచేసిన నత్రజనితో నింపితే మరొక బరువు. తేడా వెయ్యిలో ఒక వంతు. ఇంకెవరైనా అయితే కొలతలో దోషం అని సర్దుకునేవారు. రేలీ ఒక సైన్సు పత్రికకు లేఖ రాసి, ఎవరైనా కారణం చెప్పగలరా అని అడిగాడు.

ఆ తరువాత ఆయన చేసిన పని నన్ను మరీ ఆకట్టుకుంటుంది. తేడాను తగ్గించే ప్రయత్నం చేయకుండా, పెంచి చూశాడు. అమ్మోనియా పద్ధతిలో కొంత నత్రజని గాలిలోంచే వస్తోందని గమనించి, గాలికి బదులు శుద్ధమైన ఆక్సిజన్ వాడాడు. తేడా వెయ్యిలో ఒక వంతు నుంచి రెండు వందల్లో ఒక వంతుకు పెరిగింది. రసాయనాల నుంచి చేసిన నత్రజని ఆ గోళంలో 2.299 గ్రాములు, గాలి నుంచి తీసినది 2.310 గ్రాములు. తేడా పదకొండు మిల్లీగ్రాములు. గాలిలోని నత్రజనితో పాటు దానికంటే బరువైనదేదో ఉండాలి. విలియం రామ్సే కూడా ఈ వెతుకులాటలో కలిశాడు. 1894లో ఇద్దరూ ఆ వాయువును ప్రకటించారు. దేనితోనూ కలవని ఆ వాయువుకు, గ్రీకులో సోమరి అనే అర్థం వచ్చేలా ఆర్గాన్ అని పేరు పెట్టారు. మనం పీల్చే గాలిలో దాదాపు నూటికి ఒక వంతు ఉన్న వాయువు, అప్పటి దాకా ఎవరికీ తెలియదు. పదకొండు మిల్లీగ్రాములు చెబితే తెలిసింది. 1904లో రేలీకి భౌతిక శాస్త్రంలో, రామ్సేకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి.

నిజానికి ఆ వాయువును అంతకు నూరేళ్ళ ముందే ఒకాయన చూశాడు. 1785లో హెన్రీ కావెండిష్, గాలిలోని నత్రజనినంతా విద్యుత్ మెరుపులతో ఆక్సిజన్‌తో కలిపివేస్తే ఎంత ప్రయత్నించినా కలవని ఒక చిన్న బుడగ మిగిలిందనీ, అది నత్రజనిలో 120వ వంతుకు మించదనీ రాసిపెట్టాడు. దాని సాంద్రత కొలిచే వీలు ఆయనకు లేకపోయింది.

అదే కావెండిష్ 1798లో భూమి సాంద్రతను కొలిచాడు. 158 కిలోల సీసపు గోళాలు రెండు, వాటి పక్కన సన్నని తీగకు వేలాడే కడ్డీ చివర చిన్న గోళాలు. పెద్ద గోళాలు చిన్నవాటిని ఎంత లాగుతున్నాయో తీగ మెలిక చెబుతుంది. ఆ లాగుడును భూమి లాగుడుతో పోల్చితే భూమి సాంద్రత తేలుతుంది. మనిషి ఒంటి వేడికి గాలి కదిలినా కొలత చెడుతుందని, ఆయన గది బయట నుంచి దూరదర్శినితో చూశాడు. నీటికంటే భూమి 5.48 రెట్లు సాంద్రమైనదని ప్రకటించాడు. ఆయన కొలతలను తరువాత ఫ్రాన్సిస్ బెయిలీ సరిచూస్తే, కూడికల్లో ఒక పొరపాటు దొరికింది, సరైన సగటు 5.45. అంత జాగ్రత్తగా కొలిచిన మనిషి కూడా లెక్కలో తడబడ్డాడు. ఈనాటి విలువ 5.51. భూమి ద్రవ్యరాశి 5.97ను ఇరవై నాలుగు సార్లు పదితో గుణిస్తే వచ్చేన్ని కిలోలు, ఘనపరిమాణం 1.083ను ఇరవై ఒక్కసార్లు పదితో గుణిస్తే వచ్చేన్ని ఘన మీటర్లు. భాగిస్తే ఘన మీటరుకు దాదాపు 5510 కిలోలు. అయిదుకూ ఆరుకూ మధ్య ఉంటుందని న్యూటన్ అంతకు నూరేళ్ళకు పైగా ముందే ఊహించాడు.

ఇప్పుడు మళ్ళీ మన రాయిని చూడండి. 2.64. నేల మీద సాధారణంగా దొరికే రాళ్ళన్నీ 2.6, 2.7, మహా అయితే మూడు. భూమి మొత్తానికి 5.5. భూమంతా ఈ రాయితోనే చేసి ఉంటే ఆ లెక్క కుదరదు. పై పొర సగటులో సగమే ఉందంటే, లోపల ఎక్కడో సగటుకంటే చాలా ఎక్కువ ఉండి తీరాలి. భూమి కేంద్రం దగ్గర సాంద్రత నీటికి దాదాపు 13 రెట్లని ఈరోజు భూకంప తరంగాల నుంచి తెలుసు. కానీ లోపల బరువైన గుండె ఉందన్న సంగతి, ఒక తీగ మెలికా ఒక భాగహారమూ పద్దెనిమిదో శతాబ్దంలోనే చెప్పాయి. ఇప్పుడు నా చేతిలో ఉన్నలాంటి రాయి పక్కన పెట్టుకుంటే చాలు.

రాయినీ, త్రాసునూ, దారాన్నీ ఇక్కడే ఉంచుతున్నాను. నాకు 118 వచ్చింది. మీరు వచ్చి తూచండి, వేరే అంకె వస్తే నన్ను పిలవండి, ఎందుకు వచ్చిందో కలిసి చూద్దాం.